విషయసూచిక చదువుతున్న పిల్లవాడు

ఫోటోల్లో మేం ఎట్లా ఉంటామో మీకు బాగా తెలుసు. తెల్లటోపీలు పెట్టుకుని వరసలు వరసలుగా సజ్దాలో ఉంటాం, ముఖాలు కనిపించవు. ఈద్ రోజున ఇద్దరు చిన్నపిల్లలమై కౌగిలించుకుంటాం. నల్లబుర్ఖాలోంచి రెండు కళ్లుగా చూస్తాం. మక్కా మసీదు ముందు పావురాలు రెక్కలు కొట్టుకుంటూ లేస్తుంటే వాటి మధ్యలోంచి నడిచి వస్తాం. రంజాన్ వచ్చిందంటే హలీం డేగ్‌ల ముందు చెమటలు కక్కుతూ కర్రలతో దంచుతుంటాం. పత్రికల్లో, క్యాలెండర్లలో, పోటీల్లో బహుమతులు కొట్టిన ఫోటోల్లో మా బతుకంతా ఈ ఐదారు భంగిమల్లోనే గడిచిపోతుంది.

మిగతా వేళల్లో మేం ఏం చేస్తుంటామో ఎవరికీ పట్టదు. నిజామాబాద్ గల్లీల్లో చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటాం. గుంటూరులో ఆటో నడుపుతుంటాం. కడపలో పిల్లవాడి ఇంజనీరింగు ఫీజు కోసం చిట్టీ పాడుతుంటాం. మా దూదేకుల చుట్టాలైతే ఇంట్లో ఉర్దూ ముక్క లేకుండా తెలుగులోనే పుట్టి, తెలుగులోనే తిట్టుకుని, తెలుగులోనే పోతారు. వీళ్లెవరూ ఫోటోకు పనికిరారు. 'ముస్లిముల్లా లేరండీ' అంటారు.

అలిఫ్ బే తో చదువు మొదలుపెట్టి, తెలుగు నేర్చుకుని, ఆర్ట్సు డిగ్రీ చేతబట్టుకుని పత్రికల్లో పడ్డవాళ్లం మేం. నలభై దాటాం. కొన్నాళ్లు ఉర్దూ డెస్కు, ఎక్కువకాలం తెలుగు డెస్కు. పండగలప్పుడు రెండు డెస్కుల మీదికీ వచ్చే ఫోటో ఒక్కటే. ఉర్దూలో దాని కింద 'రూహానీ మంజర్' అని రాస్తారు, తెలుగులో 'భక్తిశ్రద్ధలతో' అని రాస్తారు. అంతకుమించి తేడా లేదు. ఇన్నేళ్లు ఆ ఫోటోలు చూసి చూసి మాకు ఒక రకం మీద ప్రత్యేకంగా అనుమానం పెరిగింది. అమర్చి తీసి, అమర్చనట్టు చూపించే రకం అది. చూడ్డానికి వార్త, నడకలో నాటకం.

అమర్చి తీసిన ఫోటో అంటేనే మాకు కోపమని అనుకోకండి. మా ఇళ్లలో గోడలకున్నవన్నీ అవే. వెనకాల తాజ్‌మహల్ పరదా, పక్కన ప్లాస్టిక్ పూలకుండీ, చేతిలో వైరు లేని టెలిఫోను. దుబాయి వెళ్లే ముందు మా మామూ దిగిన ఫోటోలో ఉన్న కోటు స్టూడియోవాడిది. ఆ సంగతి ఆయనకు తెలుసు, మాకు తెలుసు, ఫోటో చూసి పిల్లనిచ్చిన వాళ్లకూ తెలుసు. అందులో మోసం లేదు, ముచ్చట ఉంది. హైదరాబాదులో ఈ ముచ్చటకు పెద్ద చరిత్రే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో లాలా దీన్‌దయాళ్ తీసిన ఫోటోలన్నీ నిలబెట్టి, కూర్చోబెట్టి తీసినవే. చచ్చిన పులి దగ్గర తుపాకీతో ఉన్న దొరను చూసి ఆయన ఫోటో కోసం నిలబడలేదని ఎవరనుకుంటారు? 1892లో దీన్‌దయాళ్ పరదా పాటించే స్త్రీల కోసం వేరుగా జనానా స్టూడియో పెట్టించి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. ఆ స్త్రీలు తమకిష్టమైన నగలు పెట్టుకుని, తమకిష్టమైనట్టు కూర్చుని ఫోటో దిగారు. ఎవరి బొమ్మో వాళ్లకే ముట్టింది.

పేచీ రెండో రకంతోనే. దానికీ మన దేశంలో వయసు తక్కువేం కాదు.

1857 నవంబరులో లక్నోలోని సికందర్ బాగ్‌లో ఇంగ్లీషు సేనలు దాదాపు రెండువేల మంది తిరుగుబాటు సిపాయిల్ని చంపాయి. నవాబు వాజిద్ అలీ షా కట్టించిన తోట అది. ఫెలిచే బియాతో అనే ఫోటోగ్రాఫరు అక్కడికి చేరింది 1858లో, నెలలు గడిచాక. ఆయన తీసిన ఫోటోలో కూలిన భవనం ముందు ఎముకలు, పుర్రెలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి, వాటి మధ్య నలుగురు మనుషులు, ఒక గుర్రం. నిన్ననో మొన్ననో యుద్ధం ముగిసినట్టు ఉంటుంది. పూడ్చిపెట్టినవాటిని ఫోటో కోసం మళ్లీ బయటికి తీయించాడని అప్పటి ఇంగ్లీషు అధికారే ఒకరు తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. అంటే చచ్చినవాళ్ల చేత కూడా వేషం కట్టించారు. ఆ పుర్రెల్లో ఏది హిందువుదో ఏది ముసల్మానుదో కెమెరా అడగలేదు, అదొక్కటే దాని సమదృష్టి.

తర్వాత ఇరవై ఏళ్లకు 1876-78 మద్రాసు కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువులో ఎట్లా ఎండిపోయాయో రాయలసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. మద్రాసు సైన్యంలో పనిచేసే విల్లోబీ వాలెస్ హూపర్ అనే అధికారి ఆ కరువు మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. డొక్కలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. స్టూడియోలో పెళ్లిబృందాన్ని సర్దినట్టు ముందు పిల్లలు, వెనక పెద్దలు. ఫోటో అయ్యాక వాళ్లకు అన్నం పెట్టాడా అన్న ప్రశ్న ఆనాడే లేచింది. అదే హూపర్ 1886లో మాండలేలో బర్మా ఖైదీల్ని కాల్చి చంపేటప్పుడు, తూటా తగిలే క్షణం ప్లేటు మీద పడాలని కెమెరా సిద్ధం చేసుకున్నాడు. దాని మీద విచారణ కూడా జరిగింది.

1947 సంగతి ఇంకా కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఫోటోల్ని మేం ప్రేమించాం. మార్గరెట్ బర్క్‌వైట్ 'లైఫ్' పత్రిక కోసం తీసిన దేశవిభజన ఫోటోలు లేకపోతే ఆ కాలం మన కళ్లకు కట్టేది కాదు. పురానా ఖిలా గోడ మీద తల పట్టుకు కూర్చున్న కుర్రవాణ్ని మా తాతల తరం తమవాడే అనుకుంది. కానీ ఆమెతో కలిసి తిరిగిన విలేకరి తర్వాత చెప్పిన మాట ఒకటుంది. పంజాబులో నడిచిపోతున్న సిక్కు శరణార్థుల్ని ఆమె మళ్లీ వెనక్కి వెళ్లి నడిచి రమ్మని, ఫోటో కుదిరేదాకా మళ్లీ మళ్లీ నడిపించిందట. కాదనే ధైర్యం కూడా వాళ్లకు లేకపోయింది. ఆ నడక నిజం, ఆ శోకం నిజం, ఆ ఫ్రేము మాత్రం రిహార్సలు. ఈ మూడింటినీ విడదీసి చూడటం మాకు ఇప్పటికీ తేలిక కాదు. ఫోటోను పారేయలేం, పాతకాలంలా చూడనూ లేం.

కొత్తగా కెమెరా పట్టిన పిల్లలకు బియాతో తెలియదు, హూపర్ తెలియదు. వాళ్లకు తెలిసిన ఉస్తాదు స్టీవ్ మెక్‌కరీ. 1984లో పెషావర్ దగ్గర నాసిర్‌బాగ్ శరణార్థి శిబిరంలో ఆయన తీసిన ఆకుపచ్చ కళ్ల పిల్ల 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం అయింది. మా వైపు ఫోటో స్టూడియోల్లో, బ్యూటీ పార్లర్లలో కూడా ఆ బొమ్మ అంటించుకున్నారు. ఆమె పేరు షర్బత్ గులా అని లోకానికి తెలిసింది 2002లో. పదిహేడేళ్లు ఆమె 'అఫ్గాన్ బాలిక', అంతే. పరాయి మగవాడు ఫోటో తీస్తున్నాడని తనకు ఆ రోజు కోపం వచ్చిందని ఆమె చెప్పింది. ప్రపంచమంతా ఆ చూపులో యుద్ధాన్ని చూసింది. 2016లో తప్పుడు గుర్తింపు పత్రం కేసులో పాకిస్తాన్ ఆమెను అరెస్టు చేసి వెనక్కి పంపింది. 2021లో ఇటలీ ఆశ్రయమిచ్చింది. ముఖం అంత ప్రసిద్ధమైనా గుర్తింపు కార్డు దగ్గర అది పనికిరాలేదు.

అదే 2016లో మెక్‌కరీ మీద ఒక రభస జరిగింది. ఇటలీలో పెట్టిన ప్రదర్శనలో, క్యూబాలో తీసిన ఒక ఫోటోలో స్తంభం ముక్క జరిగిపోయి కనిపించింది. కంప్యూటర్ మీద దిద్దుబాటు చేస్తూ మిగిల్చిన తప్పు అది. ఒకటి బయటపడగానే జనం మిగతావాటినీ వెతికారు. మనుషులు మాయమైనవి, బండ్లు మాయమైనవి దొరికాయి. అప్పుడాయన తాను వార్తా ఛాయాచిత్రకారుణ్ని కాను, దృశ్యాలతో కథ చెప్పేవాణ్ని అన్నాడు. దానికి కొద్దిగా ముందే టేజు కోల్ అనే రచయిత, ఆయన తీసిన ఇండియా మరీ చక్కగా ఉందని, కాలం కదలని దేశంలా ఉందని విమర్శించాడు. కథ చెప్పడం నేరం కాదు. కానీ ముప్పై ఏళ్లు వార్తా పత్రిక అట్ట మీద కూర్చుని ఆ తర్వాత కథకుణ్ని అంటే, ఆ ముప్పై ఏళ్లలో ఆ అట్ట చూసి కెమెరా కొనుక్కున్న పిల్లల మాటేమిటి? వాళ్లు నేర్చుకున్నది కథా, వార్తా?

పిల్లలు నేర్చుకున్నదేమిటో తర్వాతి ఏళ్లలో తేలింది. 2017లో సౌవిద్ దత్తా అనే యువ ఫోటోగ్రాఫరు కలకత్తా సోనాగాచీలో తీసిన ఫోటోలో, మేరీ ఎలెన్ మార్క్ 1978లో బొంబాయిలో తీసిన ఫోటోలోంచి ఒక మనిషిని తెచ్చి అతికించినట్టు బయటపడింది, అతనే ఒప్పుకున్నాడు. 2018లో అలెస్సియో మామో అనే ఇటలీ ఫోటోగ్రాఫరు తీసిన వరసను వరల్డ్ ప్రెస్ ఫోటో సంస్థ తన ఇన్‌స్టాగ్రామ్‌లో చూపించింది. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ పల్లెల్లో పేదవాళ్లను బల్ల ముందు నిలబెట్టి, బల్ల మీద నకిలీ భోజనం పరిచి, కళ్లు మూసుకుని ఏం తినాలనుందో కలగనమన్నాడు. గోల లేచాక క్షమాపణ చెప్పాడు. హూపర్‌కు నూటనలభై ఏళ్ల తర్వాత కూడా ఆకలి ఫోటోకు కూర్చుంటూనే ఉంది, ఇప్పుడు ప్లాస్టిక్ భోజనం అదనం.

ఇదంతా పెద్ద పేర్ల గొడవ అనుకోకండి. మా మసీదుల దాకా వచ్చింది.

ఒక పాత మసీదులో అసర్ నమాజు తర్వాత పిల్లలకు ఖురాన్ పాఠం జరుగుతుంది. మూడేళ్ల కింద మేం అక్కడ వేరే పని మీద ఉన్నాం. పదిమందికి పైగా కుర్రాళ్లు కెమెరాలతో 'ఫోటో వాక్' అని వచ్చారు. సగంమంది మా పిల్లలే, సగం బయటివాళ్లు. జాలీ కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ వెలుగు గీతలా కనపడాలంటే గాల్లో దుమ్మో పొగో ఉండాలి. ఒకడు చాప దులిపాడు. ఇంకొకడు లోబాన్ రాజేశాడు. ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని ఒకణ్ని ఎంచుకున్నారు. వాడి టీషర్టు మీద ఛోటా భీమ్ బొమ్మ ఉంది. అది బాగుండదని, పక్కనున్న పెద్దపిల్లవాడి కుర్తా విప్పించి తొడిగారు, చేతులు మడిచారు. టోపీ సర్దారు. వాడి ముందున్నది చిరుగుల ఖాయిదా, అక్షరాలు నేర్చుకునే పల్చటి పుస్తకం. అది కెమెరాకు ఆనలేదు. అల్మారాలోంచి ఖురాన్ షరీఫ్ తీయబోతే మౌల్సాబ్ వద్దన్నారు, వజూ లేకుండా ముట్టకూడదు. అప్పుడెవరో ఒక లావుపాటి ఉర్దూ గ్రంథం తెచ్చి రెహల్ మీద తెరిచి పెట్టారు. తక్కిన పిల్లల్ని ఫ్రేములోకి రావద్దని గోడవైపు తరిమారు. ముప్పావుగంట పట్టింది. మగ్రిబ్ అజాన్ అయింది. ఆ రోజు పిల్లవాడి పాఠం జరగలేదు.

కొన్ని నెలల తర్వాత నగరంలో ఒక ప్రదర్శనలో ఆ ఫోటో కనిపించింది. అందమైన ఫోటో, ఆ మాట ఒప్పుకోవాలి. కింద 'పవిత్ర ఖురాన్ పఠనంలో లీనమైన బాలుడు' అని ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికి వెళ్లి చూశాం. తెరిచి ఉన్నది 'ఫెహ్రిస్తె మజామీన్'. విషయసూచిక. కుడివైపు అధ్యాయాల పేర్లు, ఎడమవైపు పేజీ నంబర్లు. అక్షరాలు పూర్తిగా రాని పిల్లవాడు విషయసూచికలో లీనమై ఉన్నాడు. ఆ హాల్లో అది చదవగలిగినవాళ్లు ఎంతమంది? ఉర్దూ రాకపోతే దేవుడి మాటకూ పేజీ నంబరుకూ తేడా తెలియదని ఆ ఫోటో ధైర్యం.

తీసినవాడు మా గల్లీ కుర్రాడే. పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు, మమ్మల్ని చాచా అంటాడు. ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి అడిగాం. నవ్వాడు.

"ఊకె కూసున్న పోరణ్ని ఎవలు చూస్తరు చాచా? జ్యూరీ ఒక్కో ఫోటోను రెండు సెకండ్లు సూడది. లైటు పడాలె, టోపీ కనపడాలె, కితాబు కనపడాలె. పైసలొస్తే లెన్సు కొనుక్కుంట. మీ పేపరోళ్లు మంత్రిని రిబ్బను ఇంకోపారి కత్తిరించుమనరా? దండ మల్ల ఎయ్యుమనరా?"

అంటారు. మా వృత్తిలో రోజూ జరిగేదే. కానీ ఆ రిబ్బన్ ఉన్నదే ఫోటో కోసమని ఊరందరికీ తెలుసు. మంత్రి ఏకాంతంలో రిబ్బన్ కత్తిరించుకుంటుంటే మేం చాటుగా పట్టుకున్నామని ఎవరమూ చెప్పుకోం.

వాడు ఇంకో మాటన్నాడు, అది గట్టి మాట. "ఆ పోరడు రోజూ ఆడ్నే కూసొని సదువుతడు కదా చాచా, ఇంక అబద్ధం ఏడుంది?"

ఇంటికొచ్చాక కూడా ఆ మాట మమ్మల్ని వదల్లేదు. నిజమే, వాడు చదువుతాడు. మరి ఫోటోలోంచి ఏం తీసేశారో చూడండి. ఛోటా భీమ్ పోయాడు. చిరిగిన ఖాయిదా పోయింది. పక్కన కొట్టుకుంటూ, గిల్లుకుంటూ, మౌల్సాబ్ చూడనప్పుడు నవ్వుకునే పద్నాలుగుమంది పోయారు. ఆ పిల్లవాడు మీ ఇంటి పిల్లవాడిలా కనిపించడానికి ఏమేం ఉన్నాయో అవన్నీ ఏరి ఏరి తీసేశారు. మిగిలింది మూగది, పాతది, పేదది, పవిత్రమైనది. చూసేవాడి మనసులో ముందే ఉన్న ముసల్మాను దిక్కుకే ఈ అమరిక జరుగుతుంది. టోపీ తీసి టీషర్టు తొడిగిన ఫోటోగ్రాఫర్ని మేం ఇంతవరకు చూడలేదు. బయటివాడు ఈ పని చేస్తే తిట్టి ఊరుకునేవాళ్లం. ఇప్పుడు మా పిల్లలే మా పిల్లలకు వేషం వేస్తున్నారు, ఎదుటివాడి కళ్లు అరువు తెచ్చుకుని మరీ. ఈ మధ్య కంప్యూటరే ఇట్లాంటి పిల్లవాణ్ని పుట్టిస్తోంది. 2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మన్ కళాకారుడు అలా పుట్టించిన బొమ్మకు సోనీ ఫోటో పోటీలో బహుమతి వస్తే, ఇది ఫోటో కాదని తానే వద్దన్నాడు. ఇకముందు ఆ పిల్లవాడు కూర్చోవాల్సిన పని కూడా లేదన్నమాట.

అందం సంగతి కళావిమర్శకులు చూసుకుంటారు. మాకు భయం వేసేది సాక్ష్యం దగ్గర. 2002 మార్చిలో అహ్మదాబాదులో కుతుబుద్దీన్ అన్సారీ చేతులు జోడించి ప్రాణాలు కాపాడమని వేడుకుంటున్న ఫోటోను రాయిటర్స్ కోసం అర్కో దత్తా తీశాడు. దాన్ని ఎవరూ అమర్చలేదు. ఆ ఫోటో అన్సారీకి బతుకు భారమైంది, ఊళ్లు మారాడు, ఎక్కడికెళ్లినా ఆ ముఖమే ముందు వెళ్లింది. అయినా ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంటే ఈ దేశం ఆ ఫోటోనే చూపించాల్సి వచ్చింది. ఫోటోకు అంత బలం ఎక్కణ్నించి వచ్చింది? అది జరిగింది, కెమెరా అక్కడుంది, అన్న నమ్మకం నుంచి. మా దగ్గర అధికారం లేదు, ఆస్తి లేదు, చివరకు ఆ నమ్మకమే ఉంది.

ఇప్పుడు ఫోన్లలో తిరిగే వీడియోలు చూస్తున్నారుగా. నటుల్తో తీసిన చిన్న నాటకాలు. బుర్ఖా వేసుకున్న దొంగ దొరికినట్టు, టోపీ పెట్టుకున్నవాడు ఆడపిల్లను ఏడిపించినట్టు. ఇది కల్పితం అని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ ముక్క కత్తిరించి నిజంగా జరిగిందంటూ పంపిస్తారు. ఆల్ట్ న్యూస్, బూమ్ లాంటివాళ్లు ఇట్లాంటివి పదేపదే బయటపెట్టారు. నాటకాన్ని నిజమని నమ్మించడం ఒక వైపు. ఇంకో వైపు నిజాన్నే నాటకమంటారు. 2023 డిసెంబరులో గాజాలో చనిపోయిన పసివాణ్ని తాత ఎత్తుకున్న ఫోటో వస్తే, అది బొమ్మ అని ఒక ఇజ్రాయెల్ పత్రిక రాసింది. తర్వాత ఆ వార్తను తీసేసింది. తీసేసేలోపు అది తిరగాల్సినంత తిరిగింది.

రేపు మా గల్లీలో నిజంగా ఇల్లు కూలుతుంది, లేదా లాఠీ విరుగుతుంది. ఆ కుర్రాడే పరుగెత్తుకెళ్లి ఫోటో తీస్తాడు, వాడికి ఆ తెగువ ఉంది. అప్పుడెవరో వాడి పాత ఫోటో బయటికి తీసి, విషయసూచిక ఉన్న పేజీని పెద్దది చేసి చూపించి, 'వీడు ఇట్లాంటివే తీస్తాడు' అంటే? ఇదే వాడితో అన్నాం. నవ్వు ఆగింది. చాయ్ చల్లారిపోయింది. "గట్లంటరా?" అని మాత్రం అడిగాడు.

తర్వాత తన ఫోన్‌లో ఉన్నవి కొన్ని చూపించాడు, పోటీలకు పంపనివి. లైటు సరిగా లేదని, పని చేయవని పక్కన పడేసినవి. ఒకదాంట్లో వాళ్ల నానీమా పళ్లసెట్టు గ్లాసులో పెట్టి, ట్యూబులైటు కింద తెలుగు సీరియల్ చూస్తూ పడీపడీ నవ్వుతోంది. వెనక గోడకు కరెంటు బిల్లులు మేకుకు గుచ్చి ఉన్నాయి. ఒళ్లో బీడీ చాట. పండగ పేజీకి ఇదివ్వు అన్నాం. కింద ఏం రాయాలన్నాడు. 'భక్తిశ్రద్ధలు' అక్కర్లేదు, ఆమె పేరు, వాడ పేరు, తారీఖు చాలు, నువ్వు దేన్నీ జరపలేదు కాబట్టి ఆ మాట చెప్పనవసరం కూడా లేదన్నాం. వాడు ఇంటికెళ్లి అడిగొచ్చాడు. నానీమా ఒప్పుకోలేదట. పేరు రాస్తే రాసుకో గానీ పళ్లు లేకుండా పేపర్లో వేస్తే ఊరుకోనంది. సెట్టు పెట్టుకుని మళ్లీ నవ్వుతాను, అప్పుడు తీసుకో అంది. వాడిప్పుడు మమ్మల్ని ఫోన్ చేసి అడుగుతున్నాడు, అట్లా తీయొచ్చా చాచా అని.